గొంతు మారినా నిలిచే పాట



ఇవాళ ఒక సినిమా పాట గురించి, ఆ పాటను మళ్లీ పాడిన ఒక గాయని గురించి మాట్లాడుకుందాం. పాట మీ అందరికీ తెలిసిందే: ‘సామజవరగమన’. 2019 సెప్టెంబరులో బయటికొచ్చింది. 2020 సంక్రాంతికి విడుదలైన ‘అల వైకుంఠపురములో’ సినిమాలోది. బాణీ కట్టింది తమన్, పాడింది సిద్ శ్రీరామ్, రాసింది సిరివెన్నెల సీతారామశాస్త్రి. ఆ తర్వాత ఇదే పాటను శ్రేయా ఘోషల్ ఆడగొంతులో పాడారు. ఇలా ఒకరు పాడిన పాటను ఇంకొకరు పాడి విడుదల చేస్తే ఇప్పటి పిల్లలు కవర్ సాంగ్ అంటున్నారు. మనమూ ఆ మాటే వాడుకుందాం.

దీని గురించి అనకాపల్లిలో కూర్చుని మాట్లాడటానికి కారణం ఉంది. సిరివెన్నెల మన ఊళ్లో పెరిగిన మనిషి. 1955 మే 20న మధ్యప్రదేశ్‌లోని శివనిలో పుట్టినా, పదో తరగతి దాకా చదువు అనకాపల్లిలోనే సాగింది. ఇంటర్మీడియెట్‌కి కాకినాడ వెళ్లారు. తర్వాత టెలిఫోన్ శాఖలో ఉద్యోగం చేస్తూ ‘భరణి’ అనే కలంపేరుతో కవిత్వం రాసుకునేవారు. ఆయన రాసిన ‘గంగావతరణం’ చూసి దర్శకులు కె. విశ్వనాథ్ సినిమాకి పిలిచారు. 1986లో ‘సిరివెన్నెల’ సినిమా వచ్చింది. అందులో పాటలన్నీ ఆయనే రాశారు. సినిమా పేరే ఇంటిపేరైపోయింది. 2019లో పద్మశ్రీ వచ్చింది. అదే ఏడాది, 64 ఏళ్ల వయసులో, ఈ పాట రాశారు. 2021 నవంబరు 30న కన్నుమూశారు.

ఇక రెండో మనిషి. శ్రేయా ఘోషల్ టీవీ పోటీలో గెలిచి వచ్చిన గాయని. బెంగాలీ కుటుంబం, పెరిగింది రాజస్థాన్‌లో. 16 ఏళ్ల వయసులో జీ టీవీ ‘సరిగమ’ పోటీలో విజేత అయ్యారు. ఆ కార్యక్రమం చూస్తున్న ఒక తల్లి తన కొడుకును పిలిచి ఈ అమ్మాయి పాట వినమన్నారట. ఆ కొడుకు దర్శకుడు సంజయ్ లీలా భన్సాలీ. అలా 2002లో ‘దేవదాస్’లో పాడి, మొదటి సినిమాతోనే జాతీయ పురస్కారం అందుకున్నారు. మరుసటి ఏడాది సంక్రాంతికే మన తెలుగు ‘ఒక్కడు’లో ఆమె గొంతు వినిపించింది. ఆ పాట రాసిందీ సిరివెన్నెలే. అంటే 2003లో మొదలైన పరిచయం అది. పోటీలో గెలిచిన ఒక గొంతుకీ, మన ఊరి కవి మాటకీ మధ్య పదిహేడేళ్ల చుట్టరికం ఉందన్నమాట.

పోటీ అనగానే మనకు టీవీ గుర్తొస్తుంది గానీ, ఈ ఆనవాయితీకి రేడియో కూడా పెద్దదిక్కే. ఎస్. జానకి 1956లో ఆకాశవాణి నిర్వహించిన పోటీలో రెండో బహుమతి గెలిచి, రాష్ట్రపతి రాజేంద్రప్రసాద్ చేతుల మీదుగా అందుకున్నారు. మరుసటి ఏడాదికల్లా సినిమాల్లో పాడుతున్నారు. ఎస్.పి. బాలసుబ్రహ్మణ్యం కూడా 1964లో మద్రాసులో ఒక తెలుగు సాంస్కృతిక సంస్థ పెట్టిన పోటీలో గెలిచి, సంగీత దర్శకుడు కోదండపాణి కంటపడ్డారు. అదే బాలు గారు 1996లో ఈటీవీలో ‘పాడుతా తీయగా’ మొదలుపెట్టి, తనకు దొరికిన అవకాశాన్ని వేరే పిల్లలకు పంచారు. ఆ తర్వాత దారి వెడల్పయింది. 2010లో శ్రీరామచంద్ర, 2017లో మన విశాఖలో పెరిగిన రేవంత్ హిందీ ‘ఇండియన్ ఐడల్’ గెలిచారు. ఆహా ఓటీటీలో ‘తెలుగు ఇండియన్ ఐడల్’ వచ్చాక 2022లో నెల్లూరు అమ్మాయి వాగ్దేవి, 2023లో విశాఖపట్నం ఆడపడుచు సౌజన్య భాగవతుల విజేతలయ్యారు. సౌజన్య చంటిబిడ్డ తల్లిగా ఉండి ఆ పోటీలో నెగ్గారు. ఆ పోటీ న్యాయనిర్ణేతల్లో ‘సామజవరగమన’ బాణీ కట్టిన తమన్ కూడా ఒకరు.

ఇంతమంది గెలిచారు. సంతోషం. అయితే గెలిచిన తర్వాత ఏమిటి?

పోటీలో పిల్లలు పాడేది ఎవరో ఒకరు అంతకుముందు పాడిన పాటే. అక్కడ మార్కులు పడేది శ్రుతికి, తాళానికి, అసలు పాటలోని సంగతులు ఎంత బాగా పలికించారన్నదానికి. సుశీల గారి పాటైతే సుశీల గారిలా, జానకి గారి పాటైతే జానకి గారిలా పలికితే అచ్చుగుద్దినట్టు పాడావమ్మా అని మెచ్చుకుంటాం. తప్పేం లేదు, సాధన అలాగే మొదలవుతుంది. చిక్కల్లా గెలిచాక. అదే అమ్మాయి ఆ పాటను తన పేరు మీద విడుదల చేస్తే, వినేవాడు వెంటనే అడుగుతాడు: అచ్చం అలాగే పాడితే నీ పాట ఎందుకు, అసలు పాటే వినొచ్చు కదా? పోనీ మార్చి పాడిందనుకోండి, పాటను పాడుచేసిందంటాడు. పోటీ దాకా మోసుకొచ్చిన అనుకరణే ఆ తర్వాత అడ్డొస్తుంది.

ఈ ఇబ్బంది సినిమా పాటకే ఎందుకుందో చూడండి. ‘సామజవరగమన’ అనే పేరుతో మనకు అంతకుముందే ఒక కీర్తన ఉంది. త్యాగరాజస్వామిది, హిందోళ రాగం. 1980లో ‘శంకరాభరణం’ సినిమాలో కూడా వినిపించింది. త్యాగరాజు 1847లో సిద్ధి పొందారు. ఆయన గొంతులో ఆ కీర్తన ఎలా ఉండేదో విన్నవాడు ఇప్పుడు లేడు. గురువు దగ్గర పాఠం, ఆ గురువుకు ఆయన గురువు దగ్గర పాఠం, అలా చేతులు మారి మన దాకా వచ్చింది. కచేరీలో ఎవరు పాడినా దాన్ని కవర్ అని ఎవరూ అనరు. పాడిన ప్రతివాడిదీ ఆ పూటకి అసలు పాటే. సినిమా పాట అలా కాదు. దానికి ఒక రికార్డు ఉంది. ఆ రికార్డులో ఫలానా గాయకుడు ఫలానా చోట ఊపిరి తీసుకున్నాడు, ఫలానా అక్షరం మీద చిన్న వణుకు పెట్టాడు. మనం వందసార్లు విని ఆ ఊపిరితో సహా కంఠస్థం చేసేస్తాం. అందుకే వేరే గొంతు వినగానే చెవి ఎదురుతిరుగుతుంది.

సిద్ శ్రీరామ్ విషయంలో ఇది మరీ ఎక్కువ. చెన్నైలో పుట్టి కాలిఫోర్నియాలో పెరిగినవాడు. తల్లి దగ్గర కర్ణాటక సంగీతం నేర్చుకున్నాడు, అమెరికాలో బర్క్‌లీ సంగీత కళాశాలలో చదివాడు. గమకమూ ఉంటుంది, పాశ్చాత్య గాయకుల లాగుడూ ఉంటుంది. అచ్చుల్ని సాగదీసి, ఆ సాగదీతలోనే పాటని ఊపుతాడు. ఆ ముద్ర అంత గట్టిగా పడ్డాక ఇంకొకరు పాడటం అంటే మాటలు కాదు.

ఇంకో పెద్ద పని శ్రుతి. మగవాళ్లు మామూలుగా ఒకటి, ఒకటిన్నర, రెండు కట్టల శ్రుతిలో పాడతారు. ఆడవాళ్లకు ఐదు, ఐదున్నర, ఆరు కట్టలు హాయి. మగవాడు పాడిన పాటను అదే శ్రుతిలో ఆడవాళ్లు పాడబోతే పల్లవి మొదట్లోనే కింది స్వరాలు అందవు, మాట గొంతులోనే ఉండిపోతుంది. అలాగని ఒక స్థాయి పైకెత్తితే చరణానికి వచ్చేసరికి కేక అవుతుంది. కాబట్టి శ్రుతి మార్చాలి. మన ఊళ్లో ఆర్కెస్ట్రా వాళ్ల పక్కన నిలబడి చూస్తే ఇదంతా కంటికి కనిపిస్తుంది. నూకాంబిక అమ్మవారి జాతరకో, గవరపాలెం గౌరీపరమేశ్వరుల ఉత్సవానికో వేదిక కట్టి ఉంటారు. అమ్మాయి మైకు దగ్గరకొచ్చి, మగవాళ్ల పాట పేరు చెబుతుంది. కీబోర్డు ఆయనకు ఏ ఇబ్బందీ లేదు, ట్రాన్స్‌పోజ్ బటన్ నాలుగైదుసార్లు నొక్కి తల ఊపుతాడు. గిటారు కుర్రాడు గిటారు మెడ మీద కాపో అనే పట్టీ బిగిస్తాడు. వేణువు ఆయన మాత్రం చేతిలో ఉన్నది పక్కన పెట్టి, సంచీలోంచి ఇంకో వేణువు తీసుకోవాలి. ఒక్కో శ్రుతికి ఒక్కో వేణువు మరి. అది ఊది చూసి, అమ్మాయి మెల్లగా పల్లవి అందుకుని సరే అనేదాకా పాట మొదలవదు.

శ్రుతి మారితే పాట రంగు కూడా మారుతుంది. మగగొంతులో బరువుగా, ఛాతీలోంచి వచ్చిన కింది స్వరం ఆడగొంతుకు వచ్చేసరికి తేటపడుతుంది. చుట్టూ ఉన్న వాయిద్యాలు కూడా దానికి తగ్గట్టు తగ్గాలి. లేకపోతే గొంతు వాటి కింద పడి నలిగిపోతుంది.

ఇక భావం సంగతి. ‘సామజవరగమన’ ఒక కుర్రాడి మొర. ఒక అమ్మాయి నడక వెంట చూపు పోయి, తిరిగి రానంటోందని అతని గోల. దీన్ని ఆడగొంతు పాడితే ఎబ్బెట్టుగా ఉండదా అని కొందరికి అనిపించవచ్చు. తెలుగువాళ్లకు అనిపించకూడదు. అన్నమయ్య శృంగార సంకీర్తనల్లో నాయిక అయి మాట్లాడాడు. క్షేత్రయ్య పదాలన్నీ దాదాపు ఆడదాని నోట పలికేవే, రాసింది మగవాడు. కూచిపూడిలో వేదాంతం సత్యనారాయణశర్మ గారు సత్యభామ వేషం కడితే ప్రేక్షకులు సత్యభామనే చూశారు. పాత్ర ఎవరిది, గొంతు ఎవరిది అనే లెక్క మనకు ఎప్పుడూ పెద్ద అడ్డు కాలేదు. కుర్రాడి మొరను ఆడగొంతులో వింటున్నప్పుడు అది అల్లరి తగ్గి, ఎవరో తలచుకుంటున్నట్టు వినిపిస్తుంది. అదే మాట, అదే బాణీ, వయసు మాత్రం కాస్త పెరిగినట్టు ఉంటుంది.

నా చెవికి శ్రేయ పాడినదాంట్లో కొత్తగా వినపడింది సాహిత్యం. సిద్ పాడినప్పుడు మనం ఆ గొంతు ఊపులో పడిపోతాం, మాటలు వెనక్కి వెళతాయి. శ్రేయ నిలకడగా పాడుతుంది, పదం పదానికీ మధ్య చోటిస్తుంది. ఆ చోట్లో సిరివెన్నెల చేసిన పని కనపడుతుంది. సంస్కృత సమాసం పక్కనే, ఇంట్లో మనం విసుక్కునేటప్పుడు వాడే మాట పెట్టారు. ఆ రెండూ ఒకదానితో ఒకటి తగాదా పడకుండా ఒకే వరసలో ఒదిగిపోయాయి. తమన్ బాణీలో పట్టుమని నాలుగు మాత్రల చోటు లేని దగ్గర కూడా మాట విరగలేదు. దీర్ఘం ఉన్నచోటే స్వరం సాగింది, హ్రస్వం ఉన్నచోట ఆగింది. పాడేవాళ్లు ఇద్దరికీ తెలుగు తల్లిభాష కాదు. ఒకరు తమిళ ఇంట్లో పుట్టి కాలిఫోర్నియాలో పెరిగితే, ఇంకొకరు బెంగాలీ ఇంట్లో పుట్టి రాజస్థాన్‌లో పెరిగారు. ఇద్దరి నోటా ఆ మాట నిలబడిందంటే, నిలబడేలా రాసినందువల్లే.

నేను చెప్పదలచింది ఇదే. కవర్ సాంగ్ గాయకులకు పరీక్ష అనుకుంటాం. నిజానికి పరీక్ష పాటకి. మొదట పాడిన గొంతును తీసేసి, శ్రుతి మార్చి, వాయిద్యాలు తగ్గించి చూస్తే ఏం మిగులుతుందో అదే పాట. కొన్ని పాటలు గాయకుడి గొంతు మీద, శబ్దం హోరు మీద నడుస్తాయి. గొంతు మార్చగానే కూలబడతాయి. కొన్నిటికి మాట, బాణీ రెండూ గట్టివి. వాటిని ఎవరు పాడినా పాటలాగే ఉంటుంది. పోటీలో గెలిచిన గొంతుకు ఇక్కడ ఒక పెద్ద పని ఉంది. తన పాటవం ప్రదర్శించడం పోటీలోనే అయిపోయింది. ఇప్పుడు పాట లోపల ఏముందో మనకు వినిపించాలి.

ఇది మన దగ్గరే జరిగేది కాదు. కెనడా కవి, గాయకుడు లియోనార్డ్ కోహెన్ ‘హల్లెలూయా’ అనే పాటను 1984లో రికార్డు చేశాడు. అప్పట్లో దాన్ని పెద్దగా ఎవరూ పట్టించుకోలేదు. ఆ తర్వాత జెఫ్ బక్లీ అనే కుర్రాడు పాడాక జనం చెవిన పడింది. 2008లో బ్రిటన్‌లో ‘ఎక్స్ ఫ్యాక్టర్’ అనే టీవీ పోటీ గెలిచిన అలెగ్జాండ్రా బర్క్ గెలుపు పాటగా అదే పాడింది. ఆ ఏడాది క్రిస్మస్ వారంలో బ్రిటన్ పాటల పట్టికలో ఆమె పాట మొదటి స్థానం, బక్లీ పాట రెండో స్థానం, కోహెన్ పాడిన అసలు పాట 36వ స్థానం. ఒకే పాట, మూడు గొంతులు, ఒకే వారం. బక్లీ అభిమానులు బర్క్ మీద విరుచుకుపడ్డారు. ఆ గొడవలో గెలిచింది మాత్రం పాతికేళ్ల కిందట ఆ మాటలు రాసుకున్న కోహెనే.

మనకూ సినిమాకి బయట ఇలా మాట మీద నిలబడే పాట ఉండేది. మన ఉత్తరాంధ్రలోని సాలూరు నుంచి వెళ్లిన సాలూరి రాజేశ్వరరావు గారు, ఆర్. బాలసరస్వతీదేవి గారు గ్రామఫోను రికార్డులకు పాడిన భావగీతాలు ఆ రోజుల్లో ఇంటింటా మోగాయి. ఆకాశవాణిలో బాలాంత్రపు రజనీకాంతరావు గారిలాంటి వాళ్లు లలిత సంగీతానికి ఊపిరి పోశారు. రేడియోలో పాట నేర్పించే కార్యక్రమం వస్తే, జనం పుస్తకం, పెన్సిలు పట్టుకుని సాహిత్యం రాసుకునేవారు. రచన ఫలానావారిది, సంగీతం ఫలానావారిది అని ముందు చెప్పి, ఆ తర్వాతే పాట వేసేవారు. పాటను తన గొంతులోకి తెచ్చుకునే ముందు, అది ఎవరిదో తెలుసుకోవడం అప్పట్లో అలవాటు.

ఇప్పుడు ఆ అలవాటు తప్పింది. మన మార్కెట్ యార్డు నుంచి బెల్లం దిమ్మ లారీ ఎక్కాక అది ఏ రైతు వండిందో ఎవరికీ తెలియదు. పాట రాసినవాడి గతీ ఫోన్లలో అలాగే ఉంది. పాడినవాళ్ల పేరుంటుంది, హీరో బొమ్మ ఉంటుంది, రాసినవాడి పేరు వెతుక్కోవాలి. చట్టం కొంత మేలు చేసింది. 2012లో కాపీరైట్ చట్టాన్ని సవరించారు. పాట హక్కులు నిర్మాతకు రాసిచ్చినా, సినిమా హాలుకు బయట ఆ పాట వాడుకున్నప్పుడు వచ్చే రాయల్టీలో కవికీ సంగీత దర్శకుడికీ వాటా ఉండాలన్నారు. ఆ వాటా వదులుకుంటున్నట్టు సంతకం పెట్టించుకున్నా చెల్లదు. చట్టం ఇచ్చే లైసెన్సు మీద కవర్ చేయాలంటే మొదటి రికార్డు వచ్చిన ఏడాది ముగిశాక అయిదేళ్లు ఆగాలి, రాయల్టీ ముందే కట్టాలి, పాటలో అవసరం లేని మార్పులు చేయకూడదు. హక్కుదారే ఒప్పుకుంటే ఆ గడువుతో పనిలేదు. డబ్బు సంగతి చట్టం చూసుకుంటుంది గానీ, పేరు చెప్పే మర్యాద మాత్రం మనమే నేర్చుకోవాలి.

ఇంకో నష్టం కూడా ఉంది. టీవీ పోటీలో సమయం తక్కువ. పల్లవి, ఒక చరణం, చప్పట్లు. రెండో చరణం సామాన్యంగా పోతుంది. కవి అసలు మాట చాలాసార్లు అక్కడే ఉంటుంది. పల్లవిలో మాట ఎత్తుకుంటాడు, మొదటి చరణంలో దాన్ని విప్పుతాడు, రెండో చరణంలో మలుపు తిప్పుతాడు. ఆ మలుపు లేకుండా పాట వింటే సగం ఉత్తరం చదివి మడిచిపెట్టినట్టే. పోటీల్లో పెరిగిన పిల్లలకు ఆ సగమే నోటికొస్తుంది, వాళ్ల ద్వారా మనకూ ఆ సగమే అలవాటవుతుంది.

అందుకని అనకాపల్లి వాళ్లకు ఒక మనవి. మన దగ్గర పోటీలకేం కొదవ లేదు. బడి వార్షికోత్సవం ఉంది, వినాయక చవితి పందిరి ఉంది, కాలనీ సంఘాల సంక్రాంతి సంబరాలున్నాయి. వీటిలో పాటల పోటీ పెట్టినప్పుడు రెండు నియమాలు పెట్టండి. ఒకటి, పాట ఎత్తుకునే ముందు రాసినవారి పేరు, బాణీ కట్టినవారి పేరు పిల్లలే మైకులో చెప్పాలి. రెండు, చివరి రౌండులో పాట పూర్తిగా, రెండో చరణంతో సహా పాడాలి. బహుమతి ఇచ్చేటప్పుడు ఒక్క ప్రశ్న కూడా అడగండి: నువ్వు పాడిన ఈ మాటకు అర్థం ఏమిటమ్మా? చెప్పగలిగిన పిల్లకు అయిదు మార్కులు ఎక్కువ వేయండి. సిరివెన్నెల పాటైతే పది వేసినా ఎవరూ అభ్యంతరం చెప్పరు.

ఆ పిల్లల్లో ఎవరో ఒకరు రేపు హైదరాబాదులోనో, ముంబయిలోనో పెద్ద పోటీ గెలవచ్చు. వేరేవాళ్లు పాడిన పాటను తన పేరు మీద పాడవచ్చు. అప్పుడు ఏ మాట మీద ఆగాలో, ఏ మాటను తేలిగ్గా వదిలేయాలో ఆమెకు ఎవరూ చెప్పనక్కర్లేదు. అనకాపల్లిలో నేర్చుకునే వెళ్లి ఉంటుంది.